పేరయ్య వరండాల బెల్లు

తార్నాక,
14 జూలై 1969, సోమవారం.

పూజ్యురాలు కాశమ్మ వదినెకు,

నీ మరదలు బాలలక్ష్మి చేతులు జోడించి రాసుకునే ఉత్తరం. దేవుని దయవల్ల నీ తమ్ముడు, నేను ఉన్నం. క్షేమం అని రాయబోతే కలం ముందటికి పోలె, అందుకని ఉన్నం అని మాత్రం రాస్తున్న. అక్కడ నీ ఆరోగ్యం ఎట్లున్నదో, యోహాను చేతికి కట్టిన కట్టు ఇప్పిన్రో లేదో, వేళ్లు మంచిగ కదులుతున్నయో లేదో, రోజూ అనుకుంటనే ఉన్నం. దవాఖానల నర్సుగ ఇన్నేండ్లు చేసినదానివి, నీకు మేము చెప్పేదేమున్నది. వాని చెయ్యి నీ చేతులల్ల పడ్డది, అదొక్కటే మాకు ధైర్యం.

నీ ఉత్తరం పోయిన బుధవారం అందింది. ఏడు నెలల తర్వాత నీ చేతిరాత. కవరు మీది అక్షరాలు చూసి నీ తమ్ముడు చెప్పులు గూడ ఇడవకుంట గడపల్నే కూసొని చదివిండు. చదివి నా చేతికిచ్చి, అక్కకు నువ్వే రాయి, నాకు రాయొస్తలేదు అన్నడు. నాలుగు దినాల సంది రాస్తున్న, చింపుతున్న. మా రైల్వే స్కూలు ఇంకా సరిగ నడుస్తలేదు. పిల్లలు పదిమంది వస్తే ఎనిమిది మందిని తల్లులే వచ్చి తీస్కపోతున్నరు. కాబట్టి రాయడానికి టైము లేదని చెప్పుకోను గూడ లేదు.

నువ్వు అడిగింది ఒక్కటే ప్రశ్న. యోహానును పోలీసోళ్లు ఎవరి ఇంటి ముందర పట్టుకున్నరు, ఎట్ల పట్టుకున్నరు అని. ఉరుకుతుంటె పడ్డనమ్మా అని తప్ప వాడు నీకు ఇంకొక మాట చెప్తలేడని రాసినవ్. హాస్టలు దోస్తు ఎవరో చూడవచ్చి, తార్నాక సందులల్ల దొరికిండని నోరు జారిండట. తార్నాకల మనకు తెలిసిన ఇల్లు నా తమ్మునిది ఒక్కటే కద అని నువ్వు రాసిన ఆ ఒక్క వాక్యాన్ని మళ్ల మళ్ల చదువుకున్న. నీ అనుమానం నిజం వదినె. మా దర్వాజ ముందరనే పట్టుకున్నరు. అది ఎట్ల అయిందో చెప్పాలంటె దొంగతనం నుంచే చెప్పుకుంట రావాలె. అప్పుడు నీకు సగమే రాసిన.

పోయిన నవంబరుల ఆదివారం నాడు లాలాగూడ చర్చి నుంచి ఇంటికి వచ్చేసరికి పన్నెండు దాటింది. వేసిన తాళం వేసినట్టే ఉన్నది. గడప మీద యోహాను కూసున్నడు. ఆదివారం ఆదివారం హాస్టలు నుంచి నడుచుకుంట మా ఇంటికి తిననీకి వస్తుండె కద, ఆనాడు గూడ అట్లనే వచ్చిండు. నేను తాళం తీసి లోపలికి పోతే సందుగ మూత తెరిచి ఉన్నది. నా పెండ్లి గొలుసు లేదు, ట్రాన్సిస్టరు లేదు, కుట్టుమిషను తలకాయ లేదు, నీ తమ్ముని పెండ్లి కోటు లేదు. మిషను తలకాయను పనిమంతుడు ఇప్పినట్టు ఇప్పిండు, ఒక్క మర గూడ కింద పడలె. తాళం పలగలె, కిటికీ ఊచ వంగలె. మేము పాటలు పాడుకుంట ఉన్నప్పుడు ఎవడో వేరే తాళంచెవి పెట్టి తీసి, పని చేసుకొని, మళ్ల తాళం వేసి పోయిండు.

ఠాణా నుంచి వచ్చిన జమేదారు, ఇంటికి వచ్చిపోయేటోళ్లు ఎవరెవరు అని అడిగిండు. నేను యోహాను పేరు చెప్పిన. వచ్చిపోయేది వాడొక్కడే, అందుకని చెప్పిన. మేము వచ్చేటాళ్లకే గడప మీద కూసొని ఉన్నడని గూడ చెప్పిన. ఆ రెండో మాట ఆయన అడగలె. నేనే చెప్పిన.

తెల్లారి వాణ్ని హాస్టలు నుంచి పిలిపిచ్చి పొద్దుందాక ఠాణాల బెంచి మీద కూసోబెట్టిన్రు. కొట్టలేదు, తిట్టలేదు, ఊకెనే కూసోబెట్టిన్రు. నీ తమ్ముడు పోయి తోలుకొచ్చిండు. మా సందు మొగదాక వచ్చి, మామా, నేను హాస్టలుకు పోత అని మర్లిపోయిండు. ఆ తర్వాత ఏ ఆదివారమూ రాలె. నా కొడుకు ఇగ మీ గడప తొక్కడని నువ్వు ఉత్తరం రాసినవ్. దానికి జవాబు రాసే మొఖం నాకు లేకపాయె.

అప్పటి నుంచి నాకు ఇల్లు ఇల్లు లెక్క అనిపియ్యలె. పోయిన సామాను గురించి అంత బాధ లేకుండె. ఎవడో నా సందుగల చేతులు పెట్టిండు, నా చీరెల మడతలు ఇప్పి చూసిండు, ఆ చేతులు ఎవరివో తెల్వది. స్కూల్ల మూడో తరగతి పిల్లలకు బోర్డు మీద లెక్క రాసుకుంట రాసుకుంట, తాళం వేసిన్నా లేదా అని ఆగిపోయేది. పిల్లలు, టీచరమ్మా తర్వాతంకె ఏంది అని అడిగేటోళ్లు. ఇంటర్వెల్లుల సగం తొవ్వ ఉరికొచ్చి, మా ఇల్లు కనబడేదాక నడిచి, తాళం దూరం నుంచి చూసి మళ్ల ఉరికేదాన్ని.

ఎట్ల కాపాడుకోవాలె అన్నది మాకు రోజూ ముచ్చట అయింది. ముందుగల తాళం మార్చాలన్నరు. సికింద్రాబాదు బజార్ల తాళాల దుకాణంకు పోయినం. ముసలాయన అద్దాల బల్ల మీద ఐదు తాళాలు పరిచి, ఇది అలీగఢ్‌ది, ఏడు లివర్లు, ఇది ఇంత బరువు అని ఒక్కొక్కటి నా చేతికిచ్చిండు. వీటికి వేరే చెవి పడ్తదా అని అడిగిన. ఆయన అబద్ధం చెప్పలె. అమ్మా, నాకు పావుగంట ఇస్తె ఇందుల ఏదైనా తీస్త, చేతకానోనికైతే గంట పడ్తది, నేను మీకు అమ్మేది ఆ ముప్పావుగంటనే అన్నడు. అన్నిట్ల పెద్దది తెచ్చుకున్నం. నాలుగు దినాలు మంచిగ నిద్రపట్టింది. ఐదో దినం స్కూలు నుంచి వస్తుంటె దూరం నుంచే ఆ తాళం కనబడ్డది. ఇంత పెద్ద తాళం వేసినమంటె ఇంట్ల ఎవరూ లేరని సందుకంత చెప్పినట్టే కద అనిపిచ్చింది. మళ్ల నిద్ర పోయింది.

మా పక్కింటి పేరయ్య నీకు తెల్వడు. లాలాగూడ వర్క్‌షాపుల ఫిట్టరుగ చేసి రిటైరైన మనిషి. భార్య చిట్టెమ్మ. పిల్లలు లేరు. ఎవరింట్ల ఏ కష్టమొచ్చినా పని దొరికిందని సంతోషపడే తీరు మనిషి. కుక్కను పెంచుమని హబ్సిగూడల తెలిసినోళ్ల దగ్గరికెల్లి ఒక ఎర్రకుక్కను తెచ్చిచ్చిండు. అది నేను స్కూలు నుంచి వస్తె నా మీదనే మొరుగుతుండె. చిట్టెమ్మ గోడ అవతల నుంచి అన్నం పెడ్తె అటు దుంకుతుండె. పదిహేను దినాలు గూడ కాకముందే పేరయ్య ఇంటి కుక్క అయింది.

గల్లీ మొగోళ్లు కూసొని గూర్ఖాను పెట్టుకుందాం అన్నరు. రాత్రి కట్టె కొట్టుకుంట తిరుగుతడట. మాది పొద్దుగాల పదకొండు గంటలకు అయిన దొంగతనం కద, పగలు ఎవరు తిరుగుతరు అని నేనడిగిన. ఇనుప జాలీ కొట్టిస్తమని మిస్త్రీని పిలిచి కిటికీలు కొలిపిచ్చినం. అన్నిటికి కొట్టిస్తె మనం లోపల ఖైదీల లెక్క అయితం అని నీ తమ్ముడు ఎనుక కిటికీకి ఒక్కదానికే చాలన్నడు. పోయింది పోయింది, ఇగ పోనీకి ఇంట్ల ఏమున్నది అన్నడు. నేనున్న కద అన్న. తెల్లారి సంది యూనివర్సిటీ లాబొరేటరీ నుంచి ఆలస్యంగ రావడం మొదలువెట్టిండు.

ఒక శనివారం ఒంటిపూట స్కూలు అయినంక నన్ను యూనివర్సిటీకి రమ్మన్నడు. తార్నాక గేటు నుంచి లోపలికి నడుచుకుంట పోయిన. చెట్ల కింద పిల్లలు పుస్తకాలు పట్టుకొని తిరుగుతున్నరు. అండ్ల యోహాను కనబడ్తడేమోనని తలకాయ దించుకొనే నడిచిన. ఫిజిక్సు డిపార్ట్‌మెంటు ఎనుక వర్క్‌షాపుల నూనె వాసన, కాలిన సీసం వాసన. నీ తమ్ముడు బల్ల మీద ఒక చెక్క తలుపు ముక్క నిలబెట్టి, దాని మీద రెండు ఇత్తడి పట్టీలు కొట్టి పెట్టిండు. పనికిరాదని పక్కన పడేసిన బెల్లును ప్రొఫెసరు గారిని అడిగి తెచ్చుకొని బాగుచేసిండు. తలుపు మూసి ఉంటె పట్టీలు దూరముంటయి, జర కదిలినా ఒకదానికొకటి తగుల్తయి, బ్యాటరీ నుంచి కరెంటు పోయి బెల్లు మోగుతది. నువ్వే తియ్యి అన్నడు. నేను చెక్కను జరిపిన. ఆ గదిల గోడలన్ని మోగినయి. పని చేసుకునేటోళ్లందరు తలలెత్తి నవ్విన్రు. నీ తమ్ముని మొఖం ఆనాడు చూడాల్సింది వదినె. నువ్వు ఆయన్ను చిన్నప్పుడు బడిల వేసిన దినం ఎట్లుండెనో నాకు తెల్వది గాని, గట్లనే ఉండి ఉంటదనుకున్న.

నేను అడిగిన, బెల్లు మోగితే ఎవరింటరు అని. నువ్వు గీడ, నేను లాలాగూడల స్కూల్ల, దొంగ సామానుతోని బెల్లును గూడ పట్టుకపోతడు. ఆయనకు ఆ ఆలోచన రాలె. రెండు దినాలు తలకాయ గోక్కున్నడు. ఆఖరుకు తేలింది ఏందంటె, బెల్లు మా ఇంట్ల ఉండొద్దు. పేరయ్య వరండాల ఉండాలె. వైరును గొట్టంల పెట్టి గోడ మీదికెల్లి అవతలికి గుంజినం. పేరయ్య దాన్ని సర్కారు నౌకరీ లెక్క తీసుకున్నడు. పాత విజిలు ఒకటి సందుగల నుంచి తీసి తోమి మెడల వేసుకున్నడు. బెల్లు మోగంగనే సందులకు వచ్చి రెండుసార్లు ఊదుత, తర్వాత రోడ్డు మీది పోలీసు చౌకీకి పోత అని మాటిచ్చిండు. కుర్చీని బెల్లు కిందికి మార్చుకున్నడు. తిన్నంక కన్ను మలిపే అలవాటు గూడ మానుకున్నడు. మీ బెల్లు సంది మా అన్న ఇంటికి పోయొద్దామన్నా కదుల్తలేడని చిట్టెమ్మ నాతోని మొత్తుకుంది.

మొదటి నెలల ఐదుసార్లు మోగింది. రెండుసార్లు గాలికి, ఒకసారి పాలామె తలుపు నెట్టి, రెండుసార్లు నేనే మర్చిపోయి తీసి. ఐదుసార్లూ పేరయ్య కట్టె పట్టుకొని ఉరికొచ్చిండు. గల్లీ అంత నవ్వింది. ఆయన నవ్వలె. మోగింది వస్తి, మోగకపోతె పరేషాన్ కావాలె అన్నడు. నాకు ఆ మాటతోనే కొత్త పరేషాన్ మొదలైంది. మోగితె భయం, నాలుగు దినాలు మోగకపోతె తీగ తెగిందేమో అని భయం. మనసు నిమ్మళం కావాలని పెట్టుకున్న బెల్లే అది.

అటెన్క సంగతి నీకు తెలిసిందే. సంక్రాంతి దాటినంక యూనివర్సిటీ పిల్లలు ప్రత్యేక రాష్ట్రం కావాలని క్లాసులు ఇడిచి రోడ్ల మీదికొచ్చిన్రు. ఊరేగింపులు, బందులు, బస్సులు బంద్. ఒకనాడు నీ తమ్మునికి కాలేజీ ముందర ఊరేగింపుల యోహాను ఎదురుపడ్డడట. గుంపుల నుంచి పక్కకు వచ్చి దండం పెట్టి, మామా బాగున్నవా, అత్తమ్మ బాగున్నదా అని అడిగిండట. నీ తమ్ముడు ఆ సంగతి చెప్పి, నువ్వొకసారి పిలువు, వస్తడు అన్నడు. నేను విననట్టే చారు పోసిన.

ఎండకాలంల గడబిడ ఇంకా పెరిగింది. స్కూలు మూసిన్రు. లాబొరేటరీల మిషన్లకు కాపలా ఉండాలని డిపార్ట్‌మెంటోళ్లు నీ తమ్ముణ్ని రోజూ రమ్మన్నరు. ఆయన పొద్దుగాల నడుచుకుంట పోయి పొద్దుమూకె యాళ్లకు వచ్చేటోడు. నేను గొళ్లెం పెట్టుకొని ఒక్కదాన్నే ఉండేదాన్ని.

జూన్ మొదటి వారంల ఒక మధ్యాహ్నం మూడు అయి ఉంటది. యూనివర్సిటీ దిక్కెల్లి ఒకటే కేకలు. కండ్లల్ల మంట లేచే పొగ మా గల్లీదాక వచ్చింది. నేను ఎనుక దొడ్లె బట్టలు ఉతుకుతున్న. అప్పుడే పేరయ్య వరండాల బెల్లు మోగింది. పేరయ్య మాటిచ్చినట్టే సందులకు వచ్చి రెండుసార్లు విజిలు ఊదిండు. రోడ్డు మీద పిల్లల ఎనుక ఉరుకుతున్న పోలీసోళ్లు విజిలు విని సందులకు మర్రిన్రు. నేను చేతులు తుడుచుకొని ముందటికి వచ్చి తలుపు తీసేసరికి యోహానును రోడ్డు దిక్కు గుంజుకపోతున్నరు. కుడి చెయ్యి వేలాడుతున్నది. దాక్కుందామని మన తలుపు నెట్టి ఉంటడు. పట్టీలు తగిలి బెల్లు మోగింది. దొంగ ఎవరో బిడ్డ ఎవరో ఇత్తడి పట్టీకేం తెలుసు.

పేరయ్య సాయంత్రం వచ్చి మా గడప ముందర నిలబడ్డడు. ముఖం చూడలె బిడ్డా, మీ అల్లుడని తెలిస్తె నోట్లె విజిలు పెట్టుకోకపోదును అన్నడు. రెండు దినాలు అన్నం తినలేదని చిట్టెమ్మ చెప్పింది. ఆయన తప్పు ఏమీ లేదు. ఈ మాట నువ్వు మనసుల పెట్టుకోవాలె.

నీ తమ్ముడు మూడు వారాలు జైలు గేటు కాడ నిలబడ్డడు. రోజూ టిఫిన్ డబ్బా కట్టిచ్చేదాన్ని. రోజూ నిండుగనే తిరిగొచ్చేది. లోపలికి పంపనియ్యకపోయేది. విడిచిపెట్టిన దినం తోలుకొద్దామని పోతే, వాడు అప్పటికే నీ ఊరి బస్సు ఎక్కిండని దోస్తులు చెప్పిన్రట. ఆయన వచ్చి కాళ్లు గూడ కడుక్కోలె, గోడకానుకొని కూసున్నడు.

ఇంకో సంగతి నీకు చెప్పాలె. పోయిన నెల ఆఖరుల మా దొంగ దొరికిండు. వారాసిగూడ దిక్కు తాళంచెవులు చేసే మనిషి. దొంగతనానికి ముందటి ఎండకాలంల మా పాత తాళానికి రెండో చెవి వానితోనే చేయించుకున్నం. ఒకటి మాకిచ్చి ఇంకొకటి తనకు చేసుకున్నడట. ఇట్ల మా దిక్కు నాలుగు ఇండ్లల్ల చేసిండు. ఠాణాల నీ తమ్మునికి కుట్టుమిషను తలకాయ చూపెట్టిన్రు. మాదే. గొలుసు పోయింది, కోటు పోయింది. యోహానుకు ఏ సంబంధం లేదని జమేదారే నోరు తెరిచి చెప్పిండట. నీ తమ్ముడు మిషను తలకాయను భుజం మీద పెట్టుకొని ఇంటికి నడిచొచ్చి బల్ల మీద దించి, ఇదో నీ దొంగ అని నా దిక్కు చూడకుంట అన్నడు. ఏడేండ్ల సంసారంల ఆయన నాతోని అంత కటువుగ మాట్లాడింది గదొక్కసారే.

వదినె, జమేదారుకు నేను చెప్పిన రెండో మాటకు నువ్వు నన్ను మాఫు చెయ్యాలె. మీ తల్లి పోయినంక నా పెనిమిటిని పెంచిన దానివి. నా పెండ్లినాడు నీ చెవుల కమ్మలు తీసి నాకు పెట్టిన దానివి. నీ కొడుకు మీద నేను అనుమానపడ్డ. కాలేజీలు సరిగ తెరిచినంక యోహానును హాస్టలుకు పంపకు. మా ఇంటికి పంపు. ముందటి గది వానిది. చెయ్యి నయమయ్యేదాక వాని నోట్సులు నేను రాసిపెడ్త, సైన్సు నాకు అర్థం కాకపోయినా అక్షరాలు మంచిగ ఉంటయి. జైలు వల్ల పరీక్ష పోయిందని వాణ్ని దిగులుపడొద్దని చెప్పు. ఎప్పుడు పెట్టినా రాస్తడు.

నీ తమ్ముడు ఈ ఉత్తరం చదివి, ఉన్నది ఉన్నట్టు రాసినవ్, ఇగ పోస్టు చెయ్యి అన్నడు. నీకు దండాలు చెప్పుమన్నడు. నీ దవాఖాన పని తగ్గించుకో, నిలబడి నిలబడి నీ కాళ్లు వాస్తున్నయని విన్నం.

నీ జవాబు కోసం దినాలు లెక్కపెట్టుకునే
నీ మరదలు,
బాలలక్ష్మి.

తా.క.: వదినె, ఇది తార్నాక పోస్టాఫీసుల బల్ల కాడ నిలబడి రాస్తున్న. కవరుకు బంక పెట్టబోయి ఆగిన. పైన అంత నిజమే, ఆ మధ్యాహ్నం సంగతి తప్ప. నేను దొడ్లె లేను. తలుపు ఎనుకనే నిలబడ్డ. ఆ మొదటి నెల అయినంక, నేను ఇంట్ల ఉన్నప్పుడు పట్టీల తీగ తీసేసి పెడుతున్నం, లేకుంటె నేను బయటికి పోయినప్పుడల్ల మోగుతది. ఆనాడు తియ్య మర్చిపోయిన్నని నీ తమ్మునికి చెప్పిన గాని, ఆనాడు గూడ తీసే ఉన్నది. ఎవరు తలుపు నెట్టినా మోగది. ఒంటరిగ ఉన్నప్పుడు భయమైతె నొక్కుమని నీ తమ్ముడు తలుపు పక్క గోడకు, పట్టీలతో పని లేకుంట పేరయ్య బెల్లు మోగేటట్టు నాకొక మీట పెట్టిచ్చిండు. పైన ఆ సంగతి కావాలనే రాయలె.

యోహాను తలుపు నెట్టలె. కొట్టిండు. అత్తమ్మా, నేను యోహాన్ని, తలుపు తియ్యి, ఎనుక వస్తున్నరు అన్నడు. గొంతు గుర్తుపట్టిన. గొళ్లెం మీద చెయ్యి గూడ పెట్టిన. మళ్ల పిలిచిండు. నేను మీట నొక్కిన. దొంగ అనుకొని నొక్కిన్నా, పోలీసోళ్లు మా ఇంట్ల పట్టుకుంటె నీ తమ్ముని నౌకరీ పోతదని నొక్కిన్నా, నెల దాటినా నాకు తెలుస్తలేదు. నొక్కినప్పుడు తలుపు పక్క కిటికీ సందుల నుంచి వాడు నా దిక్కే చూస్తున్నడు. నా చెయ్యి ఎక్కడున్నదో చూసిండు. ఇగ పిలవలె. ఉరకనూ లేదు. పోలీసోళ్లు వచ్చి, ఇది ఎవరిల్లు, నీకు ఏమైతరు అని చెయ్యి తిప్పుకుంట అడిగిన్రు. ఆ చెయ్యి ఇరిగింది గప్పుడే. తెల్వది సారు, ఉరుకుతుంటె కనబడ్డ తలుపు అని చెప్పిండు. మూడుసార్లు అడిగిన్రు. మూడుసార్లు గదే చెప్పిండు. నేను లోపల నిలబడి అన్నీ విన్న. వాళ్లు సందు దాటినంక తలుపు తీసిన.

నీ తమ్మునికి ఇది తెల్వది. ఇయ్యాల ఇంటికి పోయి చెప్త. పేరయ్యకు గూడ చెప్త, ఆయన ఇంకా తన విజిలు వల్లనే అయిందని అనుకుంటున్నడు. ఈ కాయితం యోహానుకు చూపియ్యకని రాద్దామనుకున్న. వద్దు, చూపియ్యి. నీకు గూడ చెప్పకుంట వాడు నన్ను దాచిండు. ఇగ దాచే పని లేదని వానికి చెప్పు.